సొంత డబ్బా ఎక్కడ మోగుతుంది?

ప్రశ్న: మా అమ్మాయికి వరంగల్ ఎన్ఐటీలో సీటొచ్చింది. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టాను: 'మా పాప అందరిలా కాదు, కోచింగ్ లేకుండానే ఎన్ఐటీ కొట్టింది. ఇక హాస్టలు, ప్రయాణాలు... అబ్బబ్బ, తలనొప్పి మొదలు!' ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నారు. 'బడాయి ఎక్కువైంది' అందట మా ఆడపడుచు. సంతోషం పంచుకోవడమూ తప్పేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సీటు సంగతి చెప్పడంలో తప్పేమీ లేదండీ. కొంప ముంచింది 'అందరిలా కాదు' అన్న మాట. కోచింగుకు లక్షలు పోసినా సీటు రాని పిల్లల తల్లులూ ఆ గ్రూపులోనే ఉంటారు కదా! బెల్జియం మనస్తత్వవేత్త వెరా హోరెన్స్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందీ ఇదే. 'నేను మంచి స్నేహితుణ్ణి' అంటే జనం సరిపెట్టుకున్నారు, 'ఇతరులకన్నా మంచి స్నేహితుణ్ణి' అంటే మాత్రం ముఖం చిట్లించారు. పోలిక రాగానే వినేవాళ్లకు తమను తక్కువ చేసినట్టు తోస్తుంది.

రెండోది ఆ 'తలనొప్పి'. విసుగు ముసుగేసుకుని వచ్చిన గొప్ప ఎవరికైనా ఇట్టే దొరికిపోతుంది. దానికన్నా 'చాలా సంతోషంగా ఉంది' అని నేరుగా అనడమే నయం.

చెప్పేవాళ్ల లెక్క కూడా తప్పుతుంది. ఎదుటివాళ్లు ఎంత మురిసిపోతారో ఎక్కువగానూ, ఎంత చిరాకు పడతారో తక్కువగానూ ఊహించుకుంటారని 2015లో పరిశోధకురాలు ఐరీన్ స్కోపెల్లిటీ బృందం చూపింది.

ఈసారి ఇలా రాయండి: 'పాపకు ఎన్ఐటీలో సీటొచ్చింది. లెక్కలు చిన్నమామయ్య దగ్గర కూర్చుని నేర్చుకుంది. వచ్చే నెల చేరుతుంది.' అంతే, మూడు ముక్కలు. ఆ చిన్నమామయ్యే గ్రూపులో చెబితే ఇంకా మేలు. మీవారితో మాత్రం చెప్పించకండి, అది మళ్లీ సొంత డబ్బానే.

ప్రశ్న: ఇంటర్వ్యూలో గొప్పలు చెప్పుకోకపోతే ఉద్యోగం ఎలా వస్తుంది?
– అకౌంటెంట్, విజయవాడ

జవాబు: అడిగితే చెప్పేది బడాయి కాదు. 'బాగా పనిచేస్తాను' అనే బదులు పని చూపించండి: 'నెలాఖరు లెక్కలకు 6 రోజులు పట్టేది. బిల్లుల ఫార్మాట్ మార్చాక 2 రోజుల్లో అయిపోతోంది. ఫార్మాట్ నాది, ఎంట్రీలు మరో ఇద్దరివి.' వినయం కొద్దీ అన్నిటికీ 'మేం, మేం' అంటే, అందులో మీరు చేసిందేమిటో అవతలివారికి అంతుపట్టదు.