మేకలది పొగరు కాదు అల్లుడూ

సీతమ్మధార, విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఆనందపురం దగ్గర ఇరవై మేకలు కొన్నావని, కొత్త దాణా తొట్టి నిండా పోస్తే మొదటి రోజు ఎగబడి తిని మూడో రోజుకి మూతి తిప్పేసుకున్నాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "వీటికి పొగరు" అన్నావట. పొగరు కాదురా. నోరు ఒప్పుకుంది, పొట్ట ఒప్పుకోలేదు.

ఎంత తిన్నామో నోటికి తెలియదు. పావ్‌లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త పేరు చెప్పగానే అందరికీ గంట వింటే కుక్కకి నోరూరడం గుర్తొస్తుంది గానీ, ఆయన ఇంకో పని కూడా చేశాడు. మింగిన తిండి పొట్టలోకి పోకుండా కుక్క మెడ దగ్గరే బయటపడేలా ఆపరేషన్ చేస్తే, అది తింటూనే ఉండేది. 1958లో డెథియర్, బోడెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు ఒక రకం ఈగకి పేగు నుంచి మెదడుకి పోయే సన్నని నరం కోసేశారు. అది చక్కెర నీళ్లు తాగి తాగి పొట్ట ఉబ్బిపోయింది, ఆపడం మాత్రం తెలియలేదు. "ఇక చాలు" అన్న కబురు లోపలి నుంచి రావాలి. మేకకైనా మనకైనా ఆ కబురు మోసేది ముఖ్యంగా వేగస్ నరం. అందులో నూటికి సుమారు ఎనభై పోగులు పొట్ట సంగతులు పైకి చేరవేసేవే.

కబురు "చాలు" దగ్గర ఆగదు, "ఇది మంచిది, ఇది వద్దు" అని కూడా చెబుతుంది. 1994లో గొర్రెలకి ఒక మేత పెట్టి, తర్వాత మత్తిచ్చి, ఆ మత్తులోనే వికారం పుట్టించే లిథియం క్లోరైడ్ ఇచ్చారు. బాధ పడినట్టు వాటికి తెలియనే తెలియదు. అయినా లేచాక ఆ మేత తినడం తగ్గించేశాయి. ఇది నేను చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను, ఎందుకంటే పశువైద్య ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను చేసిన తప్పు అప్పుడు అర్థమైంది. గొట్టంతో తాగించే ఓపిక లేక కడుపులో పురుగులు పోగొట్టే నట్టల మందు తవుడులో కలిపించాను. ఆ మంద తర్వాత చాలా రోజులు తవుడు వాసనకే వెనక్కి నడిచింది. రైతు నన్ను ఏమీ అనలేదు, అదే ఇంకా సిగ్గేసింది.

నీ సంగతికి వస్తే, గింజల దాణా ఒక్కసారిగా పడితే మేక పొట్ట మొదటి గదిలో ఆమ్లం పెరుగుతుంది. పీహెచ్ అంటే ఆమ్లం కొలత, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట. అది 5.5 కన్నా దిగితే నెమరు తగ్గుతుంది, పెంటికలు మెత్తబడతాయి, మరీ ముదిరితే ప్రాణం మీదకి వస్తుంది. అప్పుడు మేక నింద వేసేది కొత్తగా తిన్నదాని మీదే. రోజూ తినే తుమ్మాకు మీద అనుమానపడదు.

కాబట్టి ఆ దాణా వారం రోజులు కంటికి కనబడనివ్వకు. ఆకు, ఎండుగడ్డి చాలు. తర్వాత ఉదయం కాస్త మేసొచ్చాక, తెలిసిన తవుడులో కలిపి మేకకి యాభై గ్రాములతో మొదలుపెట్టు. రెండు వందల గ్రాములకి చేరడానికి రెండు వారాలు తీసుకో. ఆ రోజుల్లో మరో కొత్త మేత పెట్టకు, మందు అసలే కలపకు. సుబాబుల్ కొమ్మలు ఊరికే దొరుకుతున్నాయని మొత్తం అదే వెయ్యకు, మేతలో మూడో వంతు దాటకూడదు. దాంట్లో మైమోసిన్ అనే విషం ఉంది. పిల్లల్ని తల్లులతోనే తొట్టి దగ్గరికి వదులు. అమ్మ ఏం తింటే అది తినడం వాటికి తొందరగా వస్తుంది, నీకు పని తగ్గుతుంది.

ఏదైనా నెమరు పూర్తిగా మానేసి ఓ మూల నిలబడితే రేపటిదాకా ఆగకు, వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఆదివారం నేను బస్సెక్కి వస్తాను. దాణా బస్తాకి కుట్టిన చీటీ పారేయకు, అందులో యూరియా ఎంత కలిపారో చూడాలి.

మావయ్య