ముందు బ్రేకులు, ఆ తరువాతే ఇంజన్

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు 1986 నాటి హోండా గోల్డ్ వింగ్ జీఎల్1200 కొన్నావనీ, ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న ఆ బండిని ఇంటి దగ్గరే నీ చేతులతో బాగుచేసుకుని దూరప్రయాణాలకు సిద్ధం చేయబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో భయమే వినిపించింది కానీ, విన్న నాకు మాత్రం మొదట గర్వమే కలిగింది. చిన్నప్పుడే అంకె చూడకుండా, చేతిలో బరువును బట్టి పది నంబరు పానానూ పన్నెండు నంబరు పానానూ వేరుచేసి నాకు అందించిన దానివి నువ్వు. ఈ పని నీకు చేతకాదని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వచ్చే వారం కార్బొరేటర్లు విప్పి, ఆ తరువాత ఇంజన్ స్టార్ట్ చేసి, వీధి చివరిదాకా ఒకసారి నడిపి చూస్తావట. బ్రేకుల మాట ఎత్తలేదా అని అడిగితే, లీవరు గట్టిగానే ఉందట, కనుక బ్రేకులకు ఇబ్బంది లేదట అని మీ అమ్మ చెప్పింది. ఆ మాట వల్లనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తల్లీ, లీవరు గట్టిగా ఉండడం బ్రేకులు బాగున్నాయనడానికి రుజువు కాదు. పాత బండిలో అది కొన్నిసార్లు ప్రమాదానికి గుర్తు కూడా. ఈ సంగతి మన ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు మీ నాన్న. ఆయన ఎడమ మణికట్టు పూర్తిగా వంగదని నీకు తెలుసు, ఎందుకు వంగదో నీకెవరూ వివరంగా చెప్పి ఉండరు. బావను అడిగి, సరేనన్న తరువాతే రాస్తున్నాను.

నువ్వు పుట్టకముందు బావ దగ్గర ఒక పాత టూరింగ్ బండి ఉండేది. లీవరు పట్టగానే ముందున్న రెండు డిస్కులూ పనిచేసే రకం. ఆయన ఆ బండి ఇంజన్‌ను ఎంత శ్రద్ధగా చేశాడో నేను కళ్లారా చూశాను. ప్రతి బోల్టునూ టార్క్ రెంచితో బిగించాడు, వాల్వు సందులు రెండుసార్లు కొలిచాడు, కార్బొరేటర్లను వాక్యూమ్ గేజీలు పెట్టి సమంగా కూర్చాడు. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి లీవరును రెండుసార్లు నొక్కి చూశాడు. గట్టిగా తగిలింది. ప్యాడ్లు ఇంకా మందంగానే ఉన్నాయి. లీవరు పట్టగానే బ్రేకు ఆయిల్‌ను కిందికి నొక్కే మాస్టర్ సిలిండర్ మూత స్క్రూలు తుప్పు పట్టి ఉండడంతో, తలలు అరిగిపోతాయేమోనని వాటిని కదపకుండా వదిలేశాడు. ఆయన చేసిన పొరపాటు అంతే. ఇంత పనిమంతుడికి కూడా, బాగానే ఉన్నట్టు కనిపించినదాన్ని విప్పి చూడాలన్న ఆలోచన రాలేదు.

కొంతకాలానికి ఇద్దరం కలిసి దూరం బయలుదేరాం. ఆయన ముందు, నేను వెనుక. మధ్యాహ్నం ఎండలో ఆయన బండి మెల్లగా వేగం తగ్గడం గమనించాను. వెనుక ఎర్ర దీపం మాత్రం వెలగడం లేదు. అంటే లీవరు పట్టుకోవడం లేదన్నమాట. ఇంజన్ బలం తగ్గిందనుకుని ఆయన యాక్సిలరేటర్ ఇంకా తిప్పాడు. కాసేపటికి కాలుతున్న ప్యాడ్ల వాసన నాకు గుప్పున తగిలింది. హారన్ కొట్టాను, చెయ్యి ఊపాను, ఆయనకు వినిపించలేదు. అదృష్టం బాగుండి అప్పుడే పక్క దారిలోకి తిరగడానికి ఆయన వేగం బాగా తగ్గించాడు. ఆ మలుపులో ముందు చక్రం ఒక్కసారిగా పట్టేసింది. బండి ఎడమ పక్కకు పడింది, చెయ్యి దాని కింద ఇరుక్కుంది. ఐదు నిమిషాల ముందు, పెద్ద రోడ్డు మీద అదే జరిగి ఉంటే ఏమయ్యేదో నేను ఈనాటికీ పూర్తిగా ఊహించుకోలేను.

నేను వెళ్లేసరికి ముందు చక్రాన్ని తిప్పడం నా వల్ల కాలేదు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ మీద, ఆయిల్‌నూ గాలినీ బయటికి వదిలే బ్లీడర్ నిపుల్‌ను కొద్దిగా వదులు చేయగానే వేడి బ్రేకు ఆయిల్ చిమ్మింది, చక్రం వెంటనే వదిలింది. అప్పుడే తెలిసింది, లోపం క్యాలిపర్‌లో కాదు, ఆ పైన ఎక్కడో ఉందని. తరువాత ఇంటికి తెచ్చి మాస్టర్ సిలిండర్ మూత తీశాను. అడుగున గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది. దాన్ని తుడిస్తే అడుగుభాగంలో రెండు రంధ్రాలు కనిపించాలి. పెద్దది కనిపించింది. దాని పక్కనే ఉండవలసిన, సన్నని తీగ కూడా కష్టంగా దూరేటంత చిన్న రంధ్రం పెచ్చు కట్టి మూసుకుపోయింది.

ఆ చిన్న రంధ్రం చేసే పని తెలుసుకో. లీవరు వదిలినప్పుడు క్యాలిపర్ వైపు మిగిలిన ఒత్తిడి అక్కడి నుంచే మాస్టర్ సిలిండర్ పైనున్న ఆయిల్ డబ్బాలోకి తిరిగి వస్తుంది, వేడికి ఆయిల్ వ్యాకోచిస్తే ఆ ఎక్కువైన ఆయిల్ కూడా ఆ దారినే రావాలి. ఆ దారి మూసుకుపోతే ప్యాడ్లు డిస్కును పూర్తిగా వదలవు. రాపిడికి వేడి పుడుతుంది, వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, వ్యాకోచించిన ఆయిల్ ప్యాడ్లను ఇంకా గట్టిగా నొక్కుతుంది. లీవరులో ఉండవలసిన కొద్దిపాటి వదులు క్రమంగా మాయమై, అది రాయిలా గట్టిపడుతుంది. నువ్వు మీ అమ్మతో అన్నదీ ఆ గట్టిదనం గురించే కనుక నాకు భయం వేసింది.

నీ బండిలో ఇలాంటి మాస్టర్ సిలిండర్లు ఒకటి కాదు, మూడున్నాయి. కుడిచేతి లీవరుది ఒకటి, కాలి బ్రేకుది ఒకటి, ఎడమచేతి క్లచ్చుది ఒకటి. జీఎల్1200లో క్లచ్చు కూడా ఆయిల్‌తోనే పనిచేస్తుంది. కాలి బ్రేకు వెనుక డిస్కుతో పాటు ముందు డిస్కులలో ఒకదాన్ని కూడా పట్టుకుంటుంది కనుక, వెనుక బ్రేకేలే అని దాన్ని ఆఖరుకు వాయిదా వెయ్యకు. మూడింటినీ విప్పు. మూత స్క్రూలు జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి, మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోక తల అరగదీస్తుంది. జేఐఎస్ మొన ఉన్న స్క్రూడ్రైవర్ కొనుక్కో. దాన్ని స్క్రూ తలలో నిలిపి సుత్తితో రెండు దెబ్బలు మెల్లగా వేసి, ఆ తరువాత గట్టిగా అదిమి తిప్పు. స్క్రూ అరిగిపోయినా కొత్తది దొరుకుతుంది, దానికి భయపడి మూత తీయకుండా ఊరుకోవద్దు.

లోపలి పిస్టన్, స్ప్రింగు, రబ్బరు సీళ్లు కిట్టుగా దొరుకుతాయి. పాతవి ఎంత బాగా కనిపించినా తిరిగి వేయకు. కడగడానికి కొత్త బ్రేకు ఆయిల్ గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ వాడు. పెట్రోలు, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ తగిలితే ఈ రబ్బరు ఉబ్బి పాడైపోతుంది. చిన్న రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేయవద్దు, విద్యుత్ తీగలోని ఒక్క రాగి పోగుతో పెచ్చు వదిలించు. క్యాలిపర్ పిస్టన్లు బిగుసుకుపోయి ఉంటే, హోసు ఊడదీయకముందే, లీవరు మెల్లగా నొక్కుతూ ఆయిల్ ఒత్తిడితోనే బయటికి తెచ్చుకో. కంప్రెసర్ గాలి పెట్టి, పిస్టన్ ముందు వేళ్లు ఉంచితే వేళ్లు నలిగిపోతాయి. రబ్బరు హోసులు పైకి బాగానే ఉన్నా లోపల ఉబ్బి, ఆయిల్‌ను వెళ్లనిచ్చి తిరిగి రానివ్వకపోవచ్చు. ఇంత పాత బండికి అవి కొత్తవే వేయాలి. వాటి చివరల్లోని వాషర్లు కూడా విప్పిన ప్రతిసారీ కొత్తవే.

సామాను రావడానికి రోజులు పడుతుంది. ఆ లోపు మిగిలిన పనులు చూడు, కానీ ఇంజన్ స్టార్ట్ చేయాలన్న తొందర వద్దు. నీ ఇంజన్‌లో ముందు వైపు, వాల్వులను సరైన సమయానికి తెరిపించే రెండు టైమింగ్ బెల్టులుంటాయి. అవి తెగినా, పళ్లు జారినా వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. ఎన్ని కిలోమీటర్లు తిరిగాయన్నది కాదు, ఎన్నేళ్లయిందన్నది చూడాలి. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, స్టార్టర్ బటన్ నొక్కకముందే మార్చు.

కార్బొరేటర్లు నాలుగు. నువ్వు వాటి గురించి ఇప్పటికే నా కంటే ఎక్కువ చదివి ఉంటావు కనుక ఒక్క మాటే చెబుతాను. పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలున్న పైలట్ జెట్లలో సూది గుచ్చవద్దు, పైనున్న పలుచని రబ్బరు డయాఫ్రాములకు క్లీనర్ స్ప్రే తగలనివ్వద్దు.

బ్యాటరీ చార్జింగ్ చూసేటప్పుడు, ఇంజన్ ఓ మోస్తరు వేగంతో తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టుల చుట్టుపక్కల చూపాలి. తక్కువ చూపిస్తే, కరెంటు పుట్టించే తీగచుట్ట అయిన స్టేటర్ పోయిందని వెంటనే తేల్చుకోకు. ఈ బండిలో స్టేటర్ ఇంజన్ వెనుక భాగంలో ఉంటుంది, దాన్ని మార్చాలంటే ఇంజన్ మొత్తం దించాలి. ముందుగా స్టేటర్ నుంచి వచ్చే మూడు పసుపు తీగల కనెక్టర్ చూడు. వేడికి నల్లబడి, ప్లాస్టిక్ కరిగి ఉండడం ఈ బండ్లలో తరచూ కనిపించేదే. కనెక్టర్ తీసేసి మూడు తీగలనూ నేరుగా టంకం వేసి కలిపితే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

టైరు పక్కగోడ మీద DOT (డాట్) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర, తయారైన తేదీ చెప్పే నాలుగంకెలుంటాయి. 2312 అని ఉంటే 2012లో ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. మూడంకెలే ఉంటే అది 2000 కంటే ముందుది, అలాంటి టైరు మీద బండిని కనీసం గేటు కూడా దాటించకు.

ఇక కోప్పడవలసిన మాట ఒకటుంది. పెట్రోలు డబ్బాలు బండి పక్కనే పెట్టుకుని, తలుపు మూసిన గదిలో రాత్రిపూట పని చేస్తున్నావట. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేల మీద పాకుతూ గది అవతల ఉన్న నిప్పు దగ్గరికి కూడా చేరుతుంది. తలుపు తెరిచి పనిచెయ్యి. మూడువందల కిలోలకు పైబడిన బండిని పైకి లేపి చక్రం విప్పేటప్పుడు సెంటర్ స్టాండు ఒక్కదాన్ని నమ్మకు, ముందు భాగం కింద జాకీ పెట్టి, పైనుంచి పట్టీలతో కట్టు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పని అసలు పెట్టుకోకు. నీకు తెలివి లేదని కాదు తల్లీ, బండి మీద పడితే లేపడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి.

సామాను వచ్చి బ్రేకులు బిగించాక ఆయిల్ విషయం. మాస్టర్ సిలిండర్ డబ్బా మూత మీద ముద్రించిన రకమే పొయ్యాలి, ఆ రకాలకు డాట్ 4, డాట్ 5 లాంటి పేర్లుంటాయి. డాట్ 4 పోస్తే అది కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలన్నది ప్రమాణం. గాలిలోని తేమను పీల్చుకుంటూ పోయి, నీటి పాలు 3.7 శాతానికి చేరితే అది 155కు పడిపోతుంది. అందుకే సీలు తీసి ఉంచిన పాత డబ్బాలోది వాడకూడదు, బండిలో ఉన్నదాన్ని రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 5 అని ఉన్నది సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే. డాట్ 4 గానీ 5.1 గానీ ఒలికితే బండి రంగు ఊడిపోతుంది, దగ్గర నీళ్లు పెట్టుకుని వెంటనే కడుగు.

ఆయిల్ పోసి, మూత పెట్టకముందే ఒక పరీక్ష చెయ్యి. హ్యాండిల్ తిప్పి డబ్బాను మట్టంగా ఉంచి, కళ్లద్దాలు పెట్టుకుని, లీవరును కొద్దిగా, అతి మెల్లగా లోపలికి లాగు. చిన్న రంధ్రం తెరుచుకుని ఉంటే దాని మీద ఆయిల్ సన్నని ఊటలా పైకి ఉబుకుతుంది. ఆ ఊట కనబడితే దారి బాగుంది. కనబడకపోతే ఎంత అర్ధరాత్రయినా మళ్లీ విప్పవలసిందే.

ఆ తరువాత మొదటిసారి నడిపేటప్పుడు బ్రేకు తక్కువ వాడుతూ కొద్ది దూరమే వెళ్లి ఆగు. డిస్కులను తాకకుండా అరచేతిని దగ్గరగా పెట్టి వేడి చూడు. ముందు రెండింటిలో ఒకటి రెండోదాని కంటే బాగా వేడెక్కి ఉంటే ఆ పక్క ఏదో పట్టేస్తోంది. దిగి బండిని చేత్తో తోసి చూడు, లీవరు మొదట్లో కొద్దిగా వదులుగా కదులుతోందో లేదో చూడు. మొదటి నెలంతా ఆగిన ప్రతిసారీ ఇలాగే చూడాలి.

బ్రేకుల్లో గాలి తీయడానికి నిపుల్ దగ్గర ఒకరు, లీవరు దగ్గర ఒకరు ఉండాలి. నిపుల్ మూసేదాకా లీవరు వదలకుండా పట్టుకోవడానికి ఓపిక ఉన్న మనిషి కావాలి. మీ నాన్నను పిలువు. ఆయన కుడిచేతికి ఏ ఇబ్బందీ లేదు. నువ్వు బండి తెచ్చినప్పటి నుంచి ఆ గది గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లిపోతున్నాడని మీ అమ్మ చెప్పింది. తానై అడగడు.

ఇట్లు,
నీ మామయ్య