నాన్నగారి తరఫున సంతకం పెట్టే ముందు

మీ నాన్నగారికి డిమెన్షియా ఉందని, జారిపడి తుంటి ఎముక విరిగిందని, ఆపరేషన్ మాటెత్తితే ఒకసారి సరే అని, కాసేపటికే వద్దంటున్నారని రాశారు. అంగీకార పత్రం మీద మీరు సంతకం పెట్టవచ్చా, దూరంగా ఉన్న మీ అన్నయ్య ఒప్పుకోకపోతే ఎలా అన్నది మీ ప్రశ్న. మా అమ్మది కూడా అదే జబ్బు. ఆమె చివరి సంవత్సరాల్లో అలాంటి కాగితాలు చాలాసార్లు నా ముందుకు వచ్చాయి. నేను డాక్టరునూ కాను, లాయరునూ కాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

సంతకం ఎవరిదన్నది కాసేపు పక్కన పెట్టండి. ఈ ఒక్క విషయంలో నాన్నగారు సొంతంగా నిర్ణయించుకోగలరా లేదా అని డాక్టర్ పరీక్షించి చూశారా? డిమెన్షియా ఉన్నంత మాత్రాన ఆ శక్తి పోయినట్టు కాదు. ఇంగ్లండ్, వేల్స్‌ల కోసం 2005లో వచ్చిన మానసిక సామర్థ్య చట్టంలో దీనికి ఒక కొలత ఉంది. మీరు ఏ దేశంలో ఉన్నా అది ఆలోచనకు పనికొస్తుంది. చెప్పింది అర్థం కావాలి, నిర్ణయానికి వచ్చేంతసేపైనా గుర్తుండాలి, మంచిచెడ్డలు బేరీజు వేసుకోగలగాలి, తన నిర్ణయాన్ని ఏదో ఒక విధంగా తెలపగలగాలి. నోటిమాటే అక్కర్లేదు, సైగ అయినా చాలు. మనకు నచ్చని నిర్ణయం తీసుకున్నారని ఆయనకు సామర్థ్యం లేదని తేల్చకూడదని కూడా ఆ చట్టమే చెబుతుంది. మా అమ్మ డబ్బు లెక్కలు పూర్తిగా మరచిపోయిన రోజుల్లో కూడా సూది వద్దని, మాత్రలైతే వేసుకుంటానని చెప్పగలిగేది. దాన్ని ఆమె నిర్ణయంగానే చూశాం.

అడిగే వేళ, అడిగే తీరు చాలా ముఖ్యం. ముందు నొప్పి తగ్గించమనండి. కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఉంటే పెట్టండి. గదిలో జనాన్ని తగ్గించి, ఆయనకు బాగా తెలిసిన గొంతుతో చిన్న చిన్న మాటల్లో అడగండి. నొప్పి, ఇన్‌ఫెక్షన్, కొన్ని మందులు కలిసి ఉన్నట్టుండి తెచ్చే గందరగోళాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. అది గంటగంటకూ మారుతుంటుంది. అందుకే ఒకసారి విన్న జవాబు మీద ఆగిపోకుండా, కాస్త తేటగా ఉన్నప్పుడు మళ్లీ అడగాలి. ఆ ‘వద్దు’ దేనికో కూడా కనుక్కోండి. మా అమ్మ ఒకసారి పరీక్షకు ససేమిరా అంది. ఒక నర్సు ఓపికగా కూర్చుని అడిగితే, ఆమె వద్దన్నది పరీక్షను కాదని, ముఖానికి పెట్టే మాస్కునని తేలింది. మీ నాన్నగారు వద్దంటున్నది ఆపరేషన్‌నో, పక్కకు తిప్పినప్పుడు వచ్చే నొప్పినో తెలియకుండా దాన్ని తిరస్కరణగా రాసుకోవద్దని గట్టిగా చెప్పండి.

ఇంత చేసినా ఆయన నిర్ణయించుకోలేరని తేలితే, అప్పుడు సంతకం మాట. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఏదైనా రాసి ఉంచారేమో, వైద్యం విషయంలో ఫలానావారు మాట్లాడాలని నియమించారేమో మొదట వెతకండి. భారతదేశంలో ప్రాణాధార చికిత్స వద్దని ముందే రాసి ఉంచే పత్రాలను సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలంది. ఇక ఆస్తి పనుల కోసం రాసిన మామూలు పవర్ ఆఫ్ అటార్నీని నమ్ముకోకండి. వైద్య నిర్ణయాలకు అది సరిపోకపోవచ్చు, పైగా చాలాచోట్ల రాసిన మనిషి నిర్ణయశక్తి పోగానే అది చెల్లకుండా పోతుంది. పత్రమేదీ లేకపోతే చట్టం చోటును బట్టి మారుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు భార్య లేదా భర్త, ఆ తర్వాత పెద్దయిన పిల్లలు అంటూ ఒక వరుస పెట్టాయి. ఇంగ్లండ్‌లో దగ్గరి బంధువు అయినంత మాత్రాన ఆ హక్కు రాదు. కుటుంబాన్ని సంప్రదించి, రోగి మేలును బట్టి డాక్టర్లే నిర్ణయిస్తారు. ‘ఇక్కడ నా సంతకానికి ఉన్న విలువ ఏమిటి’ అని ఆసుపత్రిలో సూటిగా అడగండి. ప్రాణం మీదికి వచ్చి, అడగడానికి ఎవరూ లేకపోతే, సాధారణంగా డాక్టర్లు ఎవరి సంతకం కోసమూ ఆగనక్కర్లేదు.

ఎవరు సంతకం పెట్టినా, ఆ కాగితం మీద ఉండాల్సింది నాన్నగారి మనసు. నేను మీకు చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. మన మనిషి మనసు మనకు తెలుసనే అనుకుంటాం. కానీ 2006లో వెలువడిన ఒక పరిశోధనా సమీక్షలో, రోగి ఏ చికిత్స కోరుకుంటారో ఆత్మీయులు సరిగ్గా ఊహించగలిగింది 68 శాతం సందర్భాల్లోనే. అంటే దాదాపు మూడింట ఒక వంతు తప్పిపోతోంది. అందుకని ఊహ మీద ఆధారపడకుండా ఆయన అన్న మాటలను గుర్తు చేసుకోండి. తోటివారు మంచాన పడినప్పుడు ఏమనేవారు? నడక పోవడాన్ని ఎలా చూసేవారు? ఆసుపత్రి అంటే భయమా, నమ్మకమా?

మీ అన్నయ్యను కూడా ఇవే అడగండి. మా అమ్మ మింగలేని స్థితికి వచ్చినప్పుడు, ఆహారం కోసం గొట్టం వేయాలని మా చెల్లెలు, వద్దని నేను పట్టుబట్టాం. ‘మీ ఇద్దరి అభిప్రాయాలూ విన్నాను. ఆమె తిండిని ఎలా చూసేవారో చెప్పండి’ అన్నారు డాక్టర్. రుచి చూడకుండా ఏదీ కడుపులోకి పోనివ్వని మనిషి గురించి ఇద్దరమూ ఒకటే చెప్పాం. డిమెన్షియా ముదిరాక గొట్టం వల్ల ఆయుష్షు పెరుగుతుందని గానీ, న్యుమోనియా తప్పుతుందని గానీ ఆధారాలు లేవని ఆయన వివరించారు. చివరి వరకూ మెల్లగా చెంచాతోనే తినిపించాం, అది కూడా ఆమె నోరు తెరిచినంతవరకే.

మీ విషయంలో వ్యవధి తక్కువ. తుంటి ఆపరేషన్ ఆలస్యమయ్యే కొద్దీ కదలకుండా పడుకోవడం వల్ల ఒంటి మీద పడే పుండ్లు, న్యుమోనియా, రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులు పెరుగుతాయి. మళ్లీ నడవలేరని తెలిసినవారికి కూడా నొప్పి తగ్గడానికే ఈ ఆపరేషన్ చేయడం ఉంది. ఈ మాట మీ అన్నయ్యకు తెలియకపోవచ్చు. మీ నోటి ద్వారా కాకుండా, ఆయనను నేరుగా డాక్టర్‌తో ఫోనులో మాట్లాడనివ్వండి. చేయకపోతే ఏమవుతుంది, చేశాక గందరగోళం పెరిగే అవకాశం ఎంత, మత్తు ఏ రకం ఇస్తారు అన్నవి ఆయనే అడగాలి. అప్పటికీ తేలకపోతే, ఇలాంటి చిక్కు నిర్ణయాల్లో సలహా ఇచ్చే నైతిక కమిటీ (ఎథిక్స్ కమిటీ) ఆసుపత్రిలో ఉందేమో కనుక్కోండి. కోర్టు దాకా వెళ్లడం ఆఖరి మార్గం, అంత వ్యవధి మీకు ఉండకపోవచ్చు.

ఇంకొక్కటి. ఆపరేషన్‌కు ఒప్పుకున్నారంటే ఆ తర్వాత వచ్చే ప్రతిదానికీ ఒప్పుకున్నట్టు కాదు. ఊపిరి అందకపోతే వెంటిలేటర్ పెట్టాలా, ఎన్నాళ్లు ఉంచాలి, గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం చేయాలా అన్నవి విడివిడిగా, ఆయనను లోపలికి తీసుకెళ్లక ముందే మాట్లాడి, కేసు షీటులో రాయించండి.