ఒరలోనే మొదలయ్యే పోరు

ప్రశ్న: జపాన్ కత్తివిద్యల ఆధారంగా నేనూ నా మిత్రుడూ ఒక ట్రేడింగ్ కార్డ్ గేమ్ తయారుచేస్తున్నాము. ప్రతి యోధుడి కార్డు మీద దాడికి ఒక అంకె, రక్షణకు ఒక అంకె ఇచ్చాము. బొమ్మలు బాగా కుదిరాయి గానీ, ఆడి చూసినవారు మాత్రం ఇది మామూలు యుద్ధం ఆటలాగే ఉందంటున్నారు. లోపం ఎక్కడుంది?

జవాబు: ఆ రెండంకెలలోనే ఉందని నా అభిప్రాయం. ఎవరి బలమెంతో ముందే కార్డు మీద రాసి ఉంటే ఆటగాడు చేసేది కూడికలూ తీసివేతలే; కత్తిపోరులో ముందుగా తేలేది ఎవరు ఏ క్షణాన కదలాలన్నది.

అఖిల జపాన్ కెండో సమాఖ్య ఇయాయిదోకు, అంటే ఒరలోంచి కత్తి దూసే విద్యకు, నిర్ణయించిన 12 కాతాలలో (ముందే కూర్చిన కదలికల వరుసలలో) మొదటిదాన్ని గమనించండి. మోకాళ్ల మీద కూర్చున్న సాధకుడు ఎదుటివాడి దురుద్దేశం పసిగట్టగానే కత్తి దూస్తూ, ఆ దూయడంలోనే అడ్డంగా మొదటి వేటు వేస్తాడు. తరువాత నిలువు వేటు, కత్తికంటిన రక్తాన్ని విదిలించడం, చివరికి చూపు ప్రత్యర్థి మీదినుంచి తిప్పకుండా కత్తిని ఒరలో చేర్చడం. దీన్ని నియమంగా మార్చాలంటే, ఒరలో ఉన్న కత్తికి మొదటి వేటు బలంగా ఉండాలి, దూసిన తరువాత ఆ బలం పోవాలి, మళ్లీ ఒరలో పెట్టడానికి ఒక వంతు ఖర్చు కావాలి. ఆ వంతులో చేతిలో కనీసం ఒక్క కార్డైనా మిగుల్చుకోనివాడు ఎదురుదాడికి దొరికిపోవాలి. అప్పుడు ఎప్పుడు దూయాలన్నదే ఆటగాడిని వేధించే ప్రశ్న అవుతుంది.

1995లో వచ్చిన లెజెండ్ ఆఫ్ ది ఫైవ్ రింగ్స్ అనే కార్డుల ఆట ద్వంద్వయుద్ధాన్ని ఇంచుమించు ఈ దృష్టితోనే రూపొందించింది. ఇద్దరూ వంతులవారీగా చేతిలోని కార్డును బోర్లా పెట్టి బలం కూడగట్టుకుంటారు, లేదా ఇక వేటు అంటారు. వేటు అనగానే కార్డులు తిరగేసి లెక్క తేలుస్తారు. మరోచోట పనికొచ్చే మంచి కార్డును ఇక్కడ కాల్చుకోవాలా వద్దా అన్న సంకోచమే అందులోని రుచి. మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే మరో కార్డుల ఆటలో, జపాన్ నేపథ్యంతో 2004లో వచ్చిన కమిగావా కార్డుల మీద బుషిదో (యోధధర్మం) అనే సామర్థ్యం ఉంది. ఆ సామర్థ్యమున్న జీవి కార్డు మరోదాన్ని అడ్డుకున్నా, దాన్ని ఎవరైనా అడ్డుకున్నా దాని అంకెలు పెరుగుతాయి. ఆడటానికి సరదాగానే ఉంటుంది, కానీ పేరు తీసేస్తే అందులో కత్తి జాడ కనిపించదు.

వెదురు కత్తులతో పోటీపడే కెండో నుంచి కూడా ఒకటి తీసుకోవచ్చు. తగిలిన ప్రతి దెబ్బా అక్కడ పాయింటు కాదు. కొట్టిన తరువాత అప్రమత్తత సడలకూడదు, గెలిచానని సంబరపడితే ఇచ్చిన పాయింటును రద్దు చేసే అధికారం న్యాయనిర్ణేతలకుంది. కత్తిని వెనక్కి పెట్టి దాని పొడవును శరీరం చాటున దాచే వాకిగమాయె భంగిమ మాత్రం బోర్లా పెట్టిన కార్డు కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

ప్రశ్న: నిజమైన కత్తివిద్యా సంప్రదాయాల పేర్లనే కార్డులకు పెట్టవచ్చా?

జవాబు: పెట్టకపోవడమే మేలు. జపాన్‌లోని చిబా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం వంటి పాలనా విభాగం) 1960లో సాంస్కృతిక సంపదగా గుర్తించిన తెన్‌షిన్ షోదెన్ కతోరి షింతో-ర్యూ వంటివి నేటికీ గురుశిష్య పరంపరగా సాగుతున్నాయి. అందులో చేరేవారు విద్యను బయటపెట్టబోమని ప్రమాణం చేస్తారు. అలాంటి సంప్రదాయానికి మీరు ఊహించిన శక్తులను అంటగట్టడంకంటే కల్పిత సంప్రదాయాలను సృష్టించుకోండి. ఆట సమతూకం కోసం రేపు ఏ నియమం మార్చవలసి వచ్చినా మీకు అడ్డుండదు.