కరెంటు పోయి వచ్చాక టైమ్ సర్వీసు పదేపదే ఎందుకు రీస్టార్ట్ అవుతుంది?

చిత్తూరు దగ్గరి మామిడి తోటలో డ్రిప్ మోటారును వేళకు ఆన్ చేసే రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎన్‌టీపీడీ (ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చి గడియారాన్ని సరిదిద్దే ప్రోగ్రామ్) సర్వీసు ఆగుతూ మళ్లీ మొదలవుతోందని, కారణమేమిటని అడిగారు.

ఆ బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. అందువల్ల కరెంటు పోకముందు మెమరీ కార్డులో చివరిసారి భద్రపరచిన సమయం నుంచే అది మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్ చెప్పే సమయంతో తేడా 1000 సెకన్లు, అంటే 16 నిమిషాల 40 సెకన్లు దాటితే, ఎన్‌టీపీడీ గడియారాన్ని సరిదిద్దకుండా తానే ఆగిపోతుంది. సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) దాన్ని లేపుతుంది, తేడా అలాగే ఉంటుంది కనుక మళ్లీ ఆగుతుంది. మన పల్లెల్లో పోయిన కరెంటు పావుగంటలో తిరిగి రావడం అరుదే కదా! లాగ్ (సర్వీసు సందేశాల రికార్డు) చివరి వరుసల్లో బ్రాకెట్ల మధ్య 1000 అన్న అంకె కనిపిస్తే కారణం ఇదేనని నిర్ధారించుకోవచ్చు.

సర్వీసు మొదలయ్యే కమాండ్‌కు ‘-జీ’ ఆప్షన్ (చిన్న అక్షరం) చేర్చితే, మొదటిసారి ఎంత తేడా ఉన్నా అది ఒప్పుకుంటుంది. క్రోనీ వంటి మరో టైమ్ సర్వీసు కూడా నడుస్తుంటే, రెండూ ఒకే గడియారాన్ని దిద్దడానికి పోటీ పడకుండా ఒకదాన్ని ఆపేయండి. ఇంటర్నెట్ కూడా నిలకడగా లేని తోటలో మాత్రం నాణెం బ్యాటరీ ఉన్న డీఎస్3231 గడియారం మాడ్యూలు అమర్చుకోవడమే నా దృష్టిలో మేలు.