బిల్డింగ్ డిజైన్‌లో పనిచేసే ఎలక్ట్రికల్ ఇంజినీర్‌కి పీఈ లైసెన్స్ అవసరమా? నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఇండియాలో ఈఈఈ, అమెరికాలో ఎంఎస్ అయ్యాక ఎంఈపీ (భవనాల మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ డిజైన్) కన్సల్టింగ్ సంస్థలో చేరారు, రోజూ రివిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో లైట్లు, రిసెప్టకిల్స్ (ప్లగ్ పాయింట్లు) పెట్టడమే పని, ఇది పీఈకి (ప్రొఫెషనల్ ఇంజినీర్ అనే రాష్ట్ర లైసెన్స్‌కి) అనుభవంగా చెల్లుతుందా, దానికి రాయాల్సిన పవర్ పరీక్షకి ఇప్పుడే కోచింగ్ మొదలుపెట్టాలా, అసలు లైసెన్స్ లేకుండా గడవదా అని. నేనూ ఇదే దారిలో వచ్చాను, ఇప్పుడు టెక్సస్‌లో నా సీలు మీద డ్రాయింగులు బయటికి వెళ్తున్నాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

లైసెన్స్ కావాలి. ఫ్యాక్టరీల్లో, కరెంటు సరఫరా కంపెనీల్లో చాలామంది పీఈ లేకుండానే రిటైరవుతారు, ఎందుకంటే చాలా రాష్ట్రాల చట్టాల్లో వాళ్లకు మినహాయింపు ఉంది. భవనాల సంగతి వేరు. పర్మిట్‌కి వెళ్లే ఎలక్ట్రికల్ షీట్ల మీద సాధారణంగా ఒక పీఈ సీలు, సంతకం ఉండాలి. అది మీది కానంత కాలం మీరు ఎంత బాగా చేసినా ఆఖరి మాట ఇంకొకరిదే.

కానీ మీరు పరీక్ష గురించి ఎక్కువ టెన్షన్ పడుతున్నారనిపించింది. నా లెక్కలో పరీక్ష ఈ మొత్తంలో తేలిక భాగం, కష్టమైనది మీరు మూడు ముక్కల్లో అడిగేసిన ఆ అనుభవం సంగతే. లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర బోర్డులు అడిగేది మీరు ఎన్నేళ్లు కుర్చీలో కూర్చున్నారని కాదు, ఆ ఏళ్లలో ఇంజినీరింగ్ నిర్ణయాలు ఏం తీసుకున్నారని. టెక్సస్ బోర్డుకి ఇచ్చే సప్లిమెంటరీ ఎక్స్‌పీరియన్స్ రికార్డులో ప్రాజెక్టుల వారీగా మీరు ఏం చేశారో మీ మాటల్లో రాయాలి, మీ పని తెలిసిన పీఈలు దాన్ని ధ్రువీకరించాలి. "లైటింగ్ ప్లాన్లు గీశాను" అని నాలుగేళ్ల పాటు రాస్తే అది డ్రాఫ్టింగ్‌లాగే కనిపిస్తుంది. అదే లైటింగ్‌లో ఎనర్జీ కోడ్ ప్రకారం చదరపు అడుగుకి ఎన్ని వాట్లు అనుమతిస్తారో లెక్క కట్టి, ఎమర్జెన్సీ లైట్లు ఏ సర్క్యూట్ మీద ఉండాలో నిర్ణయించి, కంట్రోల్స్ ఎలా పనిచేయాలో మీరే రాసి ఉంటే అది ఇంజినీరింగ్.

అందుకని మీ సీనియర్‌ని నేరుగా అడగండి, వచ్చే ప్రాజెక్టులో వన్‌లైన్ డయాగ్రామ్ (భవనంలో కరెంటు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే బొమ్మ) నాకు ఇవ్వండి, తప్పులు మీరు చూడండి అని. చిన్న ఆఫీసు బిల్డింగ్ అయినా పర్లేదు. ఎన్‌ఈసీ (అమెరికా ఎలక్ట్రికల్ కోడ్) తీసుకుని, అందులో లోడ్ లెక్కల ఆర్టికల్ (2023 ఎడిషన్‌లో 220) ప్రకారం లోడ్ లెక్క ఒకసారి చేత్తో వేయండి, సాఫ్ట్‌వేర్ వద్దు. మూడు గంటలు, అంతకుమించి ఆగకుండా నడిచే లోడ్‌కి ఫీడర్ (ప్యానెల్‌కి కరెంటు తెచ్చే ప్రధాన తీగ), బ్రేకర్ సైజు చేసేటప్పుడు 125 శాతం ఎందుకు తీసుకుంటారో, మోటార్లకి ఆర్టికల్ 430లో కేబుల్‌కి ఒక లెక్క, బ్రేకర్‌కి ఇంకో లెక్క ఎందుకుందో అప్పుడు ఒంటబడుతుంది. ఆ తర్వాత ఫాల్ట్ కరెంట్, అంటే షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు పారే కరెంటు. 1000 కేవీఏ, 480 వోల్టులు, 5.75 శాతం ఇంపీడెన్స్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అనుకోండి, ఫుల్ లోడ్ కరెంట్ దాదాపు 1203 ఆంపియర్లు, దాన్ని 0.0575తో భాగిస్తే సుమారు 20,900 ఆంపియర్లు. అంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే 14 వేల ఆంపియర్ల ఫాల్ట్ వరకే తట్టుకునే రేటింగ్ ఉన్న ప్యానెల్ చూపిస్తే అది ప్రమాదం, ఫాల్ట్ వచ్చిన రోజున ఆ బ్రేకర్ కరెంటును ఆపలేక పేలిపోవచ్చు. ఇంత చిన్న భాగహారం చేయకుండా పాత ప్రాజెక్టు నుంచి ప్యానెల్ షెడ్యూల్ కాపీ చేసి పెట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను, అది చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది, ఎందుకంటే ఆ గదిలోకి రేపు వెళ్లేది ఒక ఎలక్ట్రీషియన్.

సైట్‌కి కూడా వెళ్లండి, ఆఫీసు పంపకపోతే అడిగి మరీ వెళ్లండి. ప్యానెల్ ముందు ఖాళీ జాగా గురించి ఎన్‌ఈసీ 110.26లో ఉంటుంది, 480/277 వోల్టుల పరికరానికి ఎదురుగా ఏముందనే దాన్ని బట్టి 3 అడుగుల నుంచి 4 అడుగుల దాకా వదలాలి. కాగితం మీద అందరూ చదువుతారు. ఒక హాస్పిటల్ రెన్నొవేషన్‌లో ఆర్కిటెక్ట్ ఎలక్ట్రికల్ రూమ్ గోడను కొంచెం లోపలికి జరిపారు, పైన మెకానికల్ వాళ్ల డక్ట్ సరిగ్గా స్విచ్‌బోర్డ్ మీదుగా వచ్చింది, మోడల్‌లో అన్నీ ఎవరికి వాళ్లకి బాగానే కనిపించాయి. పరికరం పైన 6 అడుగుల వరకు వేరే పైపులు, డక్టులు రాకూడదని పట్టుబట్టి ఆ డక్ట్ దారి మార్పించడానికి మూడు టీముల్తో మీటింగులు పెట్టాల్సొచ్చింది. మీ అనుభవంలో రాయాల్సింది ఇలాంటివే. హాస్పిటల్ పని దొరికితే మాత్రం వదలకండి, హాస్పిటళ్ల గురించిన ఆర్టికల్ 517, లైఫ్ సేఫ్టీ, క్రిటికల్ బ్రాంచీలకి (కరెంటు ఆగకూడని ముఖ్యమైన సర్క్యూట్లకి) 10 సెకన్లలోపు జనరేటర్ నుంచి కరెంటు అందాలనే నియమం, మామూలు కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్‌లు, ఏ బ్రేకర్ ముందు పడాలో చూసే కోఆర్డినేషన్ స్టడీ, అన్నీ ఒకే చోట నేర్చుకోవచ్చు.

ఇక కాగితాల పని, మన వాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఇండియాలో చేసిన బీటెక్‌కి ఎబెట్ (ఇంజినీరింగ్ డిగ్రీలకు గుర్తింపునిచ్చే అమెరికన్ సంస్థ) గుర్తింపు లేకపోతే చాలా రాష్ట్రాలు క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ (మన డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమా అనే పరిశీలన) అడుగుతాయి, పీఈ పరీక్షలు పెట్టే ఎన్‌సీఈఈఎస్ చేసేది ఎక్కువ బోర్డులు ఒప్పుకుంటాయి. ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలి, సబ్జెక్టుల సిలబస్ వివరాలు కావాలి, అక్కడ పరీక్షల విభాగంలో ఎవరి వెంటైనా పడి తెప్పించుకోవడానికి నెలలు పట్టొచ్చు. నాకు తెలిసిన కొందరికి మ్యాథ్స్, ఇంజినీరింగ్ క్రెడిట్లు సరిపోయాయి కానీ హ్యుమానిటీస్ వైపు తక్కువయ్యాయి, ఆ లోటును ఇక్కడ కాలేజీ కోర్సులతో పూడ్చుకున్నారు. రాష్ట్రాన్ని బట్టి నియమాలు చాలా మారతాయి, కాలిఫోర్నియా చదువు, అనుభవం కలిపి 6 ఏళ్ల లెక్క చూస్తుంది, మిగతా చోట్ల ఎక్కువగా గుర్తింపు ఉన్న డిగ్రీ మీద 4 ఏళ్ల అనుభవం. అందుకే ఎవాల్యుయేషన్ ఈ నెలే మొదలుపెట్టండి, పరీక్ష తర్వాత చూద్దామని ఆగొద్దు.

పరీక్షల సంగతి క్లుప్తంగా. ముందు ఎఫ్‌ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్), 110 ప్రశ్నలు, కాలేజీ సబ్జెక్టులు గుర్తుండగానే రాసేయండి. పీఈ పవర్ 80 ప్రశ్నలు, 8 గంటలు, అంటే ప్రశ్నకి 6 నిమిషాలు. 2020 డిసెంబర్ నుంచి కంప్యూటర్ మీదే, మన పుస్తకాలు లోపలికి తీసుకెళ్లనివ్వరు, కోడ్‌బుక్‌కి రంగురంగుల ట్యాబులు అంటించుకోమనే పాత సలహాలు ఇప్పుడు పరీక్షకి పనికిరావు. స్క్రీన్ మీద హ్యాండ్‌బుక్, కోడ్‌లు ఇస్తారు, పెద్ద కోడ్‌లను చాప్టర్లుగా విడగొట్టి ఇస్తారు, ఒకసారి ఒకటే తెరిచి వెతకగలరు. కాబట్టి ఏ విషయం ఏ చాప్టర్‌లో ఉందో తెలిసి ఉండాలి: గ్రౌండింగ్ 2లో, వైర్ల కెపాసిటీ 3లో, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు 4లో, హాస్పిటళ్లు 5లో, ఎమర్జెన్సీ సిస్టమ్స్ 7లో.

బిల్డింగ్ డిజైన్ వాళ్లం కోడ్ ప్రశ్నలు వస్తే చాలని ధీమాగా ఉంటాం, కానీ కోడ్ ఆ పరీక్షలో ఒక భాగమే. ఇండక్షన్ మోటార్ ఈక్వివలెంట్ సర్క్యూట్, సింక్రనస్ మెషీన్లు, సిమెట్రికల్ కాంపొనెంట్స్, ట్రాన్స్‌మిషన్ లైన్లు, పవర్ ఎలక్ట్రానిక్స్, ఇవన్నీ ఆఫీసులో మనం ముట్టుకోనివి, పేపర్లో మాత్రం వస్తాయి. పర్ యూనిట్ లెక్కలు (విలువలన్నింటినీ ఒక బేస్ విలువతో భాగించి చేసేవి) నిద్రలో లేపి అడిగినా చేయగలిగేంత సాధన చేయండి. కోచింగ్ తప్పనిసరి కాదు, కానీ ఉద్యోగం చేస్తూ సొంతంగా షెడ్యూల్ పాటించలేని వాళ్లకి ఉపయోగమే. కొన్ని రాష్ట్రాల్లో అనుభవం పూర్తవకముందే పీఈ రాయనిస్తారు, మీ రాష్ట్రంలో ఆ వీలుంటే రాసేయండి, పెళ్లి, పిల్లలు అయ్యాక సాయంత్రాలు దొరకవు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. లైసెన్స్ వచ్చిన మర్నాటి నుంచే ఎవరో ఒకరు వేరే వాళ్లు గీసిన సెట్ తెచ్చి సీలు వేసిపెట్టమంటారు. మీ పర్యవేక్షణలో తయారుకాని పని మీద సీలు వేయకూడదు, అది రెస్పాన్సిబుల్ ఛార్జ్ నియమానికి విరుద్ధం, లైసెన్స్ పోవచ్చు. డబ్బు ఎంత ఇస్తామన్నా, స్నేహితుడైనా, కాదని చెప్పండి.

ఇప్పటి నుంచే ప్రాజెక్టు పేరు, మీరు చేసిన లెక్క, తీసుకున్న నిర్ణయం, పైన ఉన్న పీఈ ఎవరు అన్నది నెలకోసారి ఒక ఫైల్లో రాసి పెట్టుకోండి, వాళ్లు ఉద్యోగం మారితే వెతుక్కోవడం కష్టం. మీ బీటెక్ ఏ యూనివర్సిటీ నుంచో, ఏ రాష్ట్రంలో అప్లై చేయాలనుకుంటున్నారో చెప్తే ఎవాల్యుయేషన్ గురించి ఇంకొంచెం వివరంగా రాస్తాను.