ప్రశ్న–జవాబు: బొగ్దాన్, మిర్చా

ప్రశ్న: మా తమ్ముడు కార్గో షిప్పులో ఫిట్టరు. కొత్తగా వచ్చిన చీఫ్ ఇంజనీరుది రొమేనియా, పేరు బొగ్దాన్. ఆ పేరుకి అర్థమేమిటి? ఎలా పిలవాలి?
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: దేవుడిచ్చినవాడు అని అర్థం. మన వైపు దేముడు, వరప్రసాదు అని పెట్టుకునే పేర్లకి దగ్గర చుట్టమే. రొమేనియన్ లాటిన్ నుంచి పుట్టిన భాషే గానీ, ఈ పేరు మాత్రం స్లావుల (రష్యన్లు, బల్గేరియన్లు వగైరా జాతుల) నుంచి వచ్చింది. అక్కడి చర్చిలోనూ రాజుల కచేరీల్లోనూ శతాబ్దాల పాటు పాత స్లావిక్ భాషే నడిచింది మరి. ‘బొగ్’ అంటే దేవుడు, ‘దాన్’ అంటే ఇచ్చిన. దాన్‌దీ మన దత్త, దానం అన్న మాటలదీ ఒకటే ధాతువు. బొగ్ మన ‘భగ’కి బంధువు. స్లావులకి అది సొంత ఆస్తా, ఇరానీ భాషల దగ్గర తెచ్చుకున్న అరువా అన్న తగువు పండితుల మధ్య ఇంకా తెగలేదు. (బొగ్గుతో మాత్రం ఏ సంబంధమూ లేదు.) రొమేనియన్‌లో దేవుణ్ణి ‘దుమ్నెజేవు’ అంటారు, అది లాటిన్ మాట. అందుకే ఆ పేరు పెట్టుకున్నవాళ్లకి కూడా అర్థం వెంటనే తట్టదు.

14వ శతాబ్దంలో మరమురెష్ అనే ప్రాంతం నుంచి కొండలు దాటి వెళ్లి మొల్దావియాని స్వతంత్ర రాజ్యంగా నిలబెట్టినవాడు మొదటి బొగ్దాన్. తర్వాత తురుష్కులు ఆ రాజ్యాన్నే బొగ్దాన్ అన్నారు.

పలికేటప్పుడు ‘బొ’ పొట్టిగా ఉండాలి, ఊనిక ‘దాన్’ మీద పడాలి. పిలుపులో ‘బొగ్దానె’ అవుతుంది, మనం రాముడిని రాముడా అన్నట్టు. అది చనువున్నవాళ్లకే. మీ తమ్ముడు షిప్పులో ‘చీఫ్’ అంటే చాలు. బయట కలిస్తే ఇంటిపేరుకి ముందు ‘దొమ్నులె’ చేర్చి పిలవడం మర్యాద.

క్రూ లిస్టు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. వాళ్ల పాస్‌పోర్టులో ‘నుమె’ అంటే ఇంటిపేరు, ‘ప్రెనుమె’ అంటే పెట్టిన పేరు. నుమెని నేమ్ అనుకుంటే రెండూ తారుమారే. పైగా బొగ్దాన్ ఇంటిపేరుగా కూడా ఉంటుంది. చూసి ఊహించడం కుదరదు, ఏ గడిలో ఉందో ఆ గడిలోకే ఎక్కించమనండి.

ప్రశ్న: మిర్సియా ఎలియాడ్ ఆడవారా, మగవారా?
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: మగవారే. 1907లో పుట్టి 1986లో పోయిన మత చరిత్రకారుడు. కలకత్తాలో సురేంద్రనాథ్ దాస్‌గుప్తా దగ్గర భారతీయ తత్వశాస్త్రం చదువుకున్నారు. రొమేనియన్‌లో ఇ, ఎ ముందు వచ్చే ‘సి’ అక్షరాన్ని ‘చ’ అని పలుకుతారు కాబట్టి మిర్సియా కాదు, మిర్చా. ఇదీ స్లావిక్ పేరే, శాంతి అనే ‘మిర్’ దీని మూలం. చివర ‘ఆ’ వినిపించగానే ఆడపేరనుకోకండి. లూకా, తోమా, హోరియా అన్నీ అక్కడ మగవాళ్ల పేర్లే.